ఎనిమిదో గ్లాసు

రుచి గది, పత్రిక ఆఫీసు

వదినా,

ఫోను చేస్తే అయిపోయేదానికి ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటూ ఉంటావు. ఫోనులో నీ పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. వాళ్ళకి తెలియకుండా నువ్వు "ఆఁ, ఆఁ" అంటావు. ఆ "ఆఁ"కి అర్థమేమిటో ఇన్నేళ్ళయినా నాకు అంతుపట్టలేదు. కాగితం మీదైతే అలా తప్పించుకోలేవు.

మా పత్రిక ఏడాదికొకసారి ఒకే వైనరీ వాళ్ళ ఎర్ర వైన్లన్నీ పంటల వరసన పెట్టించి, రుచి చూపించి, మార్కులు వేయిస్తుందని నీకు తెలుసు. ఈసారి ఎవరి వైన్లో మాకు చెప్పలేదు. సీసాలకి గుడ్డ సంచులు తొడిగి, మెడకి అంకెలు కట్టి, ఒక్కో ఏటి పంటకి ఒకటి చొప్పున తలా ఎనిమిది గ్లాసులు ముందు పెట్టారు. మొదటి గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకోగానే నా వీపు దానంతటదే నిటారుగా అయిపోయింది. అన్నయ్య! చిన్నప్పుడు లెక్కలు చేయిస్తూ "సరిగ్గా కూర్చో" అని స్కేలుతో వీపు మీద తట్టేవాడే, ఆ మనిషే గ్లాసులో కూర్చుని ఉన్నాడు. రెండోదీ అంతే. అయిదోదాకా అంతే. నవ్వూ లేదు, చనువూ లేదు, ఒక్క తప్పూ లేదు.

ఆరోది నోట్లో పోసుకునేసరికి ఏదో తేడా వచ్చింది. మొదలు అన్నయ్యే. గుక్క మధ్యలో ఎవరో వచ్చి ఆయన చేతిలోంచి గరిటె లాక్కున్నట్టుంది. ఏడోది, నలుగురిలో మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకుంటూ ఉండిపోయిన మనిషిలా ఉంది. ఎనిమిదోది మాత్రం... ఎలా చెప్పను? మాలో పెద్దాయన ఒకాయన ఉన్నాడు, వెనకాల మేమందరం పెద్దముక్కు అంటాం. రుచి చూశాక మేమందరం ఉమ్మేసేదే, ఆయనైతే నోట్లో పోసింది ఏదైనా సరే ఉమ్మెయ్యకుండా వదలడు. ఆ ఎనిమిదోది మింగేశాడు. మింగి, పెన్సిలు కింద పెట్టి, "మనిషి మారాడు" అన్నాడు.

సంచులు తీయకముందే ఎడిటరమ్మతో చెప్పేశాను, ఇది మా అన్నయ్య వైనరీ అని. "నీ మార్కులు లెక్కలో కలపను. వ్యాసం మాత్రం నువ్వే రాయి, నీకంటే తెలిసినవాళ్ళెవరు?" అంది. అందుకే అడుగుతున్నాను. ట్యాంకులు చూసే మేస్త్రీ మారాడా? అన్నయ్య ఎవరినైనా కొత్తగా తెచ్చిపెట్టుకున్నాడా? ఆయన్నే అడుగుదామంటే వారం నుంచీ ఫోను ఎత్తడం లేదు.

నీ ఆడపడుచు

*

ట్యాంకుల షెడ్డు పక్క గది

మరదలు పిల్లకి,

నీ ముక్కు నీ నోటికంటే పెద్దదైపోయింది. మనిషి మారడమేమిటి? మీ అన్నయ్య నిక్షేపంలా ఉన్నాడు. పొద్దున్నే తాళాలగుత్తి పట్టుకుని వెళ్తాడు, చీకటి పడేవేళకి వస్తాడు. మేస్త్రీ కూడా ఆ మేస్త్రీయే, కాకపోతే కాస్త బట్టతల వచ్చింది.

ఆ ఆరో పంట కోతలప్పుడు వాన పట్టుకుంది. తరవాతి ఏడాది పీపాలు కొత్తవి తెప్పించాం. కొత్త చెక్కకి రుచి మారుతుందని నీకు నేను చెప్పాలా? ఉమ్మినందుకు జీతం తీసుకుంటున్నది నువ్వు.

ఇంకా రాద్దామనుకున్నాను గానీ మేస్త్రీ కేకేస్తున్నాడు, పంపు మొరాయిస్తోందట. ఈ ఉత్తరాల సంగతి మీ అన్నయ్య చెవిన వెయ్యకు. పనిలో ఉన్న మనిషి, చిరాకుపడతాడు.

అన్నట్టు, ఆ ఎనిమిదోదానికి ఎన్ని మార్కులు పడ్డాయి? ఊరికే అడుగుతున్నాను.

వదిన

*

అద్దె ఇల్లు, వంటింటి బల్ల

వదినా,

నీకు అబద్ధమాడడం చేతకాదు, ఎందుకా అవస్థ? ఆ ఏడాది కోతలప్పుడు చుక్క వాన పడలేదు. మా పత్రికలో ఏటా పంటల వాతావరణం గురించి రాసేది నేనే. అది సరే, పంపు మొరాయిస్తే మేస్త్రీ నిన్నెందుకు కేకేశాడు? మా అన్నయ్య ఉండగా ఆ షెడ్డులో ఇంకొకళ్ళని పంపు ముట్టుకోనిచ్చేవాడా? నేను ఒకసారి వేలు పెడితే "అది బొమ్మ కాదు" అని అందరి ముందూ అరిచాడు.

నిన్న ఎట్టకేలకు ఫోను ఎత్తాడు. "ఈ ఏడాదిది పీపాల్లో ఎలా ఉంది అన్నయ్యా?" అన్నాను. ఒకప్పుడైతే ఆ ఒక్క ప్రశ్నకి అరగంట చెప్పేవాడు, నేను మధ్యలో అన్నం తినేసి వచ్చినా తెలిసేది కాదు. నిన్న "మీ వదినని అడుగు" అన్నాడు. అని, "కాళ్ళకి పని చెప్పాలి, ఉంటాను" అని పెట్టేశాడు. వెనకాల గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. పనివేళ షెడ్డులో ఉండాల్సిన మనిషి ఆరుబయట ఏం చేస్తున్నాడు?

మార్కులు అడిగావు కదా. ఇరవైకి వేస్తాం. అన్నయ్య అయిదు పంటలకీ పదిహేనుకి అటూ ఇటూగా పడ్డాయి. ఆరోదానికి పదకొండు. ఏడోదానికి పదమూడు. ఎనిమిదోదానికి పెద్దముక్కు పద్దెనిమిది వేశాడు. ఆయన చేత్తో ఆ అంకె వేయడం నేను ఈ ఉద్యోగంలో చేరాక చూడలేదు. మిగతావాళ్ళు కూడా ఆయనకి దగ్గరగానే వేశారు.

దాంతో ఎడిటరమ్మకి కాలు ఒకచోట నిలవడం లేదు. కోతలకి ముందే పెద్దముక్కుని వెంటబెట్టుకుని మీ దగ్గరికి వస్తానంటోంది. షెడ్డులో ట్యాంకుల మధ్య అన్నయ్యని నిలబెట్టి ఫొటోలు తీయాలట, పీపాల్లోది ఆయన చేతే తీయించి రుచి చూడాలట. చుట్టరికం ఉంది కాబట్టి నన్ను రావద్దంది.

మనసు ఏమీ బాగాలేదు వదినా. ఏదో ఉంది. చెప్పు.

నీ ఆడపడుచు

*

షెడ్డు పక్క గది

అమ్మాయ్,

ముందు వాళ్ళ రాక ఆపు. ఎలా ఆపుతావో నాకు తెలీదు. తాళం పోయిందని చెప్పు, నాకు మశూచి వచ్చిందని చెప్పు, ఏదో ఒకటి చెప్పు.

ఇప్పుడు కూర్చుని చదువు.

ద్రాక్ష చిదిమి ట్యాంకులో పోశాక పులుస్తుంది కదా, అప్పుడొక గాలి పుడుతుంది. రంగుండదు, కంటికి కనబడదు. బరువైన గాలి, పైకి లేవకుండా ట్యాంకులోనే పరుచుకుని పడుకుంటుంది. పనిలోకి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మీ అన్నయ్య మొదటిరోజు చెప్పే మాట ఒకటే: "మూత తీస్తే తీశారు గానీ, తల లోపల పెట్టకండి." నువ్వు ఆరో గ్లాసు అంటున్నావే, ఆ పంట పులుస్తున్నప్పుడు తనే పెట్టాడు. ఏం చూద్దామనుకున్నాడో నేటికీ చెప్పడు. నేను గుమ్మంలో ఉన్నాను. నిచ్చెన మీద ఆయన మోకాళ్ళు మెత్తబడడం చూశాను. మేస్త్రీ ఒక్క గెంతు గెంతి బెల్టు పట్టుకుని వెనక్కి లాగాడు, ఇద్దరూ కలిసి కిందపడ్డారు. ఆయన పెదాలు నల్లబడిపోయాయి. పిలుస్తూ చెంపలు వాయిస్తూనే ఉన్నాను. ఎంతసేపటికి కళ్ళు తెరిచాడో తెలీదు. ఆసుపత్రిలో ఉంచారు. నీతో జ్వరం అని చెప్పాను చూడు, అది ఇదే.

ఒళ్ళు బాగానే కోలుకుంది. కానీ షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఊపిరి ఆడదు. పులుస్తున్న వాసన ముక్కుకి తగిలితే చాలు, చొక్కా తడిసిపోతుంది. డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఊపిరితిత్తుల్లో ఏమీ లేదండీ, ఇది భయం, దీనికి వేరే డాక్టరున్నాడు అన్నాడు. "నాకు పిచ్చెక్కిందంటున్నారా?" అని కుర్చీ తోసేసి వచ్చేశాడు. ఆ రోజు నుంచి వైన్ చుక్క కూడా నోట పెట్టలేదు.

రోజూ తాళాలగుత్తి పట్టుకుని షెడ్డుకి బయల్దేరినట్టే బయల్దేరతాడు. గుమ్మం దాకా వచ్చి, గుత్తి మేస్త్రీకిచ్చి, తోట అవతలికి వెళ్ళిపోతాడు. రోజంతా కాలు కాలిన పిల్లిలా వరసల మధ్య తిరుగుతూనే ఉంటాడు. కట్టిన తీగే మళ్ళీ విప్పి కడతాడు. అందరికీ తెలుసు. ఎవ్వరూ పైకి అనరు. "అయ్యగారు తోటలో ఉన్నారు" అంటారు, అంతే.

మరి వైన్ ఎవరు చేస్తున్నారంటావా? ఆయన ఆసుపత్రిలో ఉన్నాడని ట్యాంకుల్లో ద్రాక్ష ఆగదు కదమ్మా. అది ఉడుకుతూనే ఉంటుంది. ఎవరో ఒకరు చూడాలి. నేను చూశాను. ఆయన వెనక ఇన్నేళ్ళు తిరిగినదాన్ని, ఏది ఎప్పుడు చేసేవాడో కళ్ళకి తెలుసు. చేతులకి తెలిసేసరికి ఒక పంట పాడయింది. నీ పదకొండు మార్కులు నిజమే.

ఇప్పుడు ఆ కెమెరాలవాళ్ళు వచ్చి, "లోపలికి పదండి సార్" అంటే ఆయన ఏమైపోతాడు? ఆపు.

వదిన

*

అద్దె ఇల్లు

వదినా,

ఉత్తరం మడిచి మళ్ళీ మళ్ళీ విప్పాను. బయటికి వెళ్ళి వీధి చివరిదాకా నడిచి, ఏం కొనాలని వచ్చానో మర్చిపోయి తిరిగొచ్చాను.

జ్వరమన్నావు. నేను అల్లం కషాయం కాచి ఇవ్వమని చెప్పాను. నువ్వు "ఆఁ" అన్నావు. నా తోడబుట్టినవాడు స్పృహ లేకుండా నేలమీద పడుంటే నాకు కషాయం గురించి చెప్పే అవకాశమిచ్చావు. నేను మీకు ఏమవుతాను వదినా? ఎక్కడో ఉండి ఎప్పుడో ఒకసారి వచ్చి, నాలుగు గ్లాసులు వాసన చూసి పోయే పరాయిదాన్నా? ఆయనకి కోపం, ఆయనకి పరువు, సరే. నీకేమైంది? ఒక్క ముక్క, ఒక్కటంటే ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది? రాత్రికి రాత్రి వచ్చి వాలేదాన్ని.

ఇంతకంటే ఎక్కువ తిట్టడానికి నాకు ఓపిక లేదు. చదివిన కొద్దీ నీ మీద కోపం పోయి, నువ్వు ఒక్కదానివే ఆ నిచ్చెన ఎక్కుతున్నట్టు కళ్ళకి కడుతోంది.

రాక ఆపమన్నావు. ఎడిటరమ్మ గదికి వెళ్ళాను. "ఇంట్లో బాగాలేదు, ఈ ఏడాది వద్దు" అన్నాను. ఆవిడ నన్ను అదోలా చూసి, "వాళ్ళకి ఇష్టం లేకపోతే సీసాలు ఎందుకు పంపారు?" అంది. మా పత్రికవాళ్ళు అడగలేదట వదినా! ఏ వైనరీని తీసుకుందామా అని వాళ్ళు ఆలోచిస్తుండగానే పంటల వరసన సీసాలు సర్దిన పెట్టె ఒకటి దానంతటదే వచ్చిందట, "వీలైతే రుచి చూడండి" అని ఎవరో ఫోను కూడా చేశారట. మగగొంతు కాదంది.

వైన్ ముఖం చూడని మనిషి ఆ పెట్టె పంపడు. మేస్త్రీకి మా ఆఫీసు ఎక్కడుందో తెలీదు.

వదినా?

*

షెడ్డు పక్క గది

మరదలు పిల్లా,

నేనే పంపాను.

ఈ ఒక్క మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను. నువ్వు ఆ రుచి గదిలో ఉంటావని తెలిసే పంపాను. సంచులు తొడుగుతారని కూడా తెలుసు. నువ్వే చెప్పావు కదా ఒకసారి, సంచి తొడిగాక అందులో ఉన్నది అక్కదైనా అత్తదైనా ఒకటేనని.

ఎందుకంటావేమో. చెప్తాను, నవ్వకు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో అడగడానికి పక్కన ఒక మనిషి ఉంటాడు. నాకు ఆ మాత్రం కూడా లేదు. పీపాలోంచి తీసి నోట్లో పోసుకుని, బాగుందనిపించి, వెంటనే అది నిజమో నా ఆశో తెలియక మళ్ళీ పోసుకుని... మేస్త్రీని అడిగితే "మీరెలా అంటే అలాగేనమ్మా" అంటాడు. మీ అన్నయ్య ముందు గ్లాసు పెడితే ముఖం తిప్పుకుంటాడు. సీసాలు అమ్ముడవుతాయి, చీటీ మీద ఆయన సంతకం ఉంటుంది, ఎవరైనా మెచ్చుకుంటే ఆయన్ని మెచ్చుకుంటారు. ఆయన తల ఊపుతాడు. ఆ ఊపే తల చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఆయనకీ నరకం, నాకూ నరకం.

నన్ను ఎరగనివాళ్ళు ఎవరైనా, నేనెవరో తెలియకుండా, బాగుంది అనో చెత్తగా ఉంది అనో చెప్తే చాలనుకున్నాను. అది విని, ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకుందామనుకున్నాను. పద్దెనిమిది అని నువ్వు రాసిన కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుని తిరుగుతున్నాను, చమటకి అంకె చెరిగిపోయింది. కానీ అమ్మాయ్, విన్నాక దాచుకోవాలని లేదు. అది నేను ముందు ఊహించలేదు. నేను చేశానని నలుగురికీ తెలియాలని ఉంది. అలా ఉన్నందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది. మంచం మీద అటూ ఇటూ దొర్లుతుంటే ఆయన "ఏమిటి?" అంటాడు. "ఉక్క" అంటాను. పక్కనే పడుకున్న మనిషిని బజార్లో నిలబెట్టబోతున్నానా?

ఇంకో సంగతి. నిచ్చెన ఎక్కిన ప్రతిసారీ నాకూ భయమే. ఊపిరి బిగబట్టి మూత తీసి, చూసీ చూడకుండా దిగేస్తాను. ఈ మాట ఇంట్లో అనలేను. ఇద్దరం భయపడితే ఆ షెడ్డుకి తాళమే.

వాళ్ళని రానీ. ఏమవుతుందో నాకు తెలియదు. రానీ.

వదిన

*

ఇంట్లో, ముందుగది

అమ్మాయ్,

ఇది చేరేలోపు మీ అన్నయ్య అక్కడికి వచ్చి ఉంటాడు. రాకపోతే వెంటనే కబురు చెయ్యి, నా చేతులు ఆడడం లేదు.

వాళ్ళు వచ్చి వెళ్ళారు. ఆ ఉదయం ఆయన చొక్కా ఇస్త్రీ చేయమన్నాడు. గడ్డం గీసుకున్నాడు. "వాళ్ళకి నేను చూపిస్తాలే" అన్నాడు, నిజంగానే చూపించేటట్టు. నాకు ఆశ పుట్టింది. పెద్దముక్కుగారితో మాట్లాడుతూ నవ్వుతూ వరసల మధ్య నడిపించుకొచ్చాడు. షెడ్డు మలుపు దాకా వచ్చి, "మీరు పదండి, నేనొక్క నిమిషంలో వస్తున్నాను" అన్నాడు. అంతే.

లోపల నిలబడ్డాం. కెమెరా అబ్బాయి దీపాలు సర్దుకున్నాడు. మీ ఎడిటరమ్మ గడియారం చూసుకుంది. "వస్తారు" అన్నాను. కాసేపాగి మళ్ళీ "వస్తారు" అన్నాను. మేస్త్రీ నేల చూస్తున్నాడు. మూడోసారి నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"ఆయన రారండీ. మూడు పంటల నుంచీ వైన్ చేస్తున్నది నేను."

"మరి ఆయన?" అంది ఎడిటరమ్మ.

"అది ఆయన్నే అడగాలి" అన్నాను.

ఆవిడ ఇంకేదో అడగబోతుంటే పెద్దముక్కుగారు చెయ్యి అడ్డం పెట్టి, "ఎనిమిదోదాంట్లో ద్రాక్ష చిదిమేటప్పుడు తొడిమలు కొన్ని తీయకుండా ఉంచేశారు కదూ?" అన్నాడు. ఆ సంగతి మేస్త్రీకి, నాకు తప్ప ఎవరికీ తెలియదు. "అవునండీ" అన్నాను. "ఎందుకు?" అన్నాడు. చెప్పాను. ఎంతసేపు చెప్పానో! పీపాల దగ్గరికి తీసుకెళ్ళి ఒక్కొక్కటీ తీసి ఇచ్చాను. నా నోరు నాకే కొత్తగా ఉంది. అమ్మాయ్, ఆ కాసేపు మీ అన్నయ్య ఎక్కడున్నాడన్న ధ్యాసే లేదు. అదే నన్ను ఇప్పుడు తినేస్తోంది.

సాయంత్రం వచ్చాడు. అప్పటికే ఎవరో చెప్పేశారు.

"నా ఇంట్లో నన్ను చుట్టాన్ని చేశావు" అన్నాడు.

"మీరు ఒక్క నిమిషంలో వస్తానన్నారు."

"ఏదో ఒకటి చెప్పి పంపించెయ్యలేకపోయావా? వాళ్ళని పిలిచింది ఎవరు అసలు?"

"నేనే. సీసాలు పంపింది నేనే."

ఆయన కూర్చున్నవాడు లేచాడు, లేచినవాడు కూర్చున్నాడు. "నా పేరు నవ్వులపాలు చేశావు" అన్నాడు. అప్పుడు నాకూ ఒళ్ళు మండింది. "మూడేళ్ళు మీ పేరు నెత్తిన పెట్టుకుని మోశానండీ, దింపుకుంటే తప్పా?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ అబద్ధం కాదు.

సంచిలో రెండు చొక్కాలు కుక్కుకుని వెళ్ళిపోయాడు. తాళాలగుత్తి బల్ల మీద పెట్టి వెళ్ళాడు. కోతలు మొదలు కావస్తున్నాయి.

వదిన

*

అద్దె ఇల్లు, వంటింటి బల్ల

వదినా,

ఇక్కడే ఉన్నాడు. నువ్వు ఊపిరి పీల్చుకో.

వచ్చిన రోజు నాతో మాట్లాడలేదు. నా కుళాయి బాగుచేశాడు. బాగానే ఉన్న తలుపు విప్పి మళ్ళీ బిగించాడు, ఇప్పుడది సరిగ్గా పడడం లేదు. డబ్బాలన్నీ పొడుగు వరసన సర్దాడు, నాకు పంచదార దొరకడం లేదు. నేను కూర్చోమంటే "కూర్చున్నాను కదా" అంటాడు, నిలబడి. "జ్వరం ఎలా ఉందన్నయ్యా?" అన్నాను చివరికి. నా ముఖం చూశాడు. తెలిసిపోయిందని అర్థమైంది. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నేను వెళ్ళి వీపు మీద చెయ్యి వేశాను. స్కేలుతో తట్టడానికి కాదులే.

నిన్న వ్యాసం అచ్చు కాపీ ఆఫీసు నుంచి వచ్చింది. దాచుదామనుకుని, మనింట్లో దాపరికం ఇప్పటికే ఎక్కువైందనిపించి బల్ల మీదే వదిలేశాను. నిలబడే చదివాడు. అయిదు పంటలు ఆయనవని, తరవాత మూడూ నీవని రాశాను. ఎందుకని రాయలేదు. ఆయన భయం గురించి ఒక్క మాట కూడా లేదు. వెతికాడు, ముందుకీ వెనక్కీ తిప్పి వెతికాడు, లేదు.

"పెద్దముక్కు పద్దెనిమిది వేశాడా?" అన్నాడు.

"ఆఁ."

"ఉందా, ఆ సీసా?"

ఆఫీసు నుంచి తెచ్చుకున్నది ఉంది. ఏమీ పట్టనట్టు మంచినీళ్ళ గ్లాసులోనే పోసి ముందు పెట్టి, కిటికీ తెరిచి, నేను గిన్నెలు కడగడం మొదలుపెట్టాను. వెనక్కి చూడలేదు. కుర్చీ లాగిన చప్పుడైంది. నేను కడిగిన గిన్నే కడుగుతున్నాను.

"తొడిమలు ఉంచేసింది" అన్నాడు. "నేను ఛస్తే ఉంచేవాణ్ణి కాదు."

"బాగాలేదా?"

"ఉండమ్మా." ఇంకో గుక్క. ఇంకోటి. ఉమ్మలేదు వదినా. "మధ్యలో ఎంత బాగుందే! ఇలా నవ్వడం ఎక్కడ నేర్చుకుంది? కానీ చివర తొందరపడింది. పీపాలోంచి ముందే లాగేసింది. ఇంకా ఉండాలి. ఎందుకు లాగేసిందీ..." అని ఆగిపోయాడు. తిరిగి చూస్తే గ్లాసు వంక చూస్తూ కూర్చుని ఉన్నాడు. "భయపడి లాగేసింది" అన్నాడు. "ఎక్కడ పాడైపోతుందోనని. ఇది భయమే. నాకు తెలీదా?"

నువ్వు నిచ్చెన గురించి రాసినది నేను చెప్పలేదు, ఒట్టు.

"ఆవిడకి భయమేమిటే? ఆ ఇంట్లో భయమంతా నాదేననుకున్నాను. తను చకచకా తిరిగేస్తుంటే, దీనికేం, ధైర్యం అమ్మ కడుపులోంచే తెచ్చుకుంది, దీనికి నాలాంటివాడు అడ్డమే అనుకున్నాను." కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత పాత అన్నయ్య గొంతుతో, "పద్దెనిమిది ఎక్కువ. పదిహేడు. చివర తొందరపడింది" అన్నాడు.

పొద్దున్నే బండెక్కించాను. సంచిలో ఆ మిగిలిన సీసా కూడా పెట్టుకున్నాడు, అడగకుండానే. ఈ ఉత్తరం కంటే ఆయనే ముందు వస్తాడేమో.

నీ ఆడపడుచు

*

షెడ్డు గుమ్మం బయట, బల్ల మీద

మరదలు పిల్లా,

పదిహేడా! గుమ్మంలోకి వస్తూనే చెప్పిన మొదటి మాట అదే. "వచ్చారా" అనబోయినదాన్ని "ఎందుకు తగ్గించారు?" అన్నాను. మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పోట్లాడుకున్నాం. నువ్వు చూసి ఉండాల్సింది. మేస్త్రీ బయటినుంచి విని, ఇద్దరికీ మళ్ళీ చెడిందనుకుని ఇంటికెళ్ళిపోయాడట పాపం.

అన్నీ సర్దుకున్నాయనుకోకు. సీసా చీటీ మీద ఎవరి పేరుండాలో తేలలేదు. "నీదే వెయ్యి" అంటాడు, వేయిద్దామని నమూనా గీయిస్తే ఆ పూట అన్నం తినడు. నేనూ తగ్గడం లేదు. ఆ వేరే డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్తున్నాడు. మేస్త్రీతో పళ్ళ డాక్టరని చెప్పాడు. మేస్త్రీ కూడా ఏమీ ఎరగనట్టు "ఏ పన్నండీ?" అని అడుగుతాడు.

కోతలు నడుస్తున్నాయి. ఆయన షెడ్డులోకి రావడం లేదు. కానీ తోట అవతలికీ పోవడం లేదు. గుమ్మం బయట బల్ల వేయించుకుని, బుట్టల్లో వచ్చిన ద్రాక్ష ఏరుతూ కూర్చుంటున్నాడు. వాసన తగిలితే లేచి నాలుగు అడుగులు అవతలికి వెళ్తాడు, మళ్ళీ వస్తాడు. కూర్చోవడం, లేవడం, రోజంతా అదే. నేను లోపల నిచ్చెన మీద ఉంటే బయటినుంచి "ఉన్నావా?" అని కేకేస్తాడు. "ఉన్నాను" అంటాను. మళ్ళీ కాసేపటికి "ఉన్నావా?" నాకు విసుగు, ఆయనకి అది లేనిదే చెయ్యి ఆడదు.

నిన్న పంపు హోరులో నాకు వినబడలేదు. మేస్త్రీ నీళ్ళకి వెళ్ళాడు. నేను నిచ్చెన మీద, మూత తీసి, ముఖం పక్కకి తిప్పుకుని రంగు చూస్తున్నాను. ఉన్నట్టుండి ఎవరో నా చీలమండ గట్టిగా పట్టుకున్నారు. కిందకి చూస్తే మీ అన్నయ్య. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పిలుస్తుంటే పలకవేం? చెవులు పనిచేయవా? దిగు! దిగమన్నానా!"

దిగాను. పంపు ఆపాను. షెడ్డంతా నిశ్శబ్దం, ట్యాంకుల్లో బుసబుసలు తప్ప. అప్పుడు తెలిసింది ఆయనకి, తను ఎక్కడ నిలబడి ఉన్నాడో. ఆ చెయ్యి ఇంకా నా చీర కుచ్చెళ్ళ దగ్గర గాలిలోనే ఉంది. చుట్టూ చూశాడు. ఛాతీ ఎగసిపడుతోంది. నేను పట్టుకోబోతే వద్దని తల ఊపి, గుమ్మం వైపు నడిచాడు. పరిగెత్తలేదు అమ్మాయ్, నడిచాడు.

నేను వెంటనే వెళ్ళలేదు. ఆయన్ని చూస్తే ఏడుస్తానని భయం. కాసేపటికి బయటినుంచి ఆయన గొంతు వినబడింది, ఇంకా ఎగశ్వాసగానే ఉంది.

"ఏమేవ్."

"ఊఁ?"

"ఆ మూలదాంట్లోంచి ఉడికిన వాసన వస్తోంది. వేడెక్కిపోతోంది. చల్లబెట్టు, ఇప్పుడే."

వెళ్ళి ట్యాంకు మీద చెయ్యి పెట్టాను. కాలుతోంది.

వదిన